నిదానంగా పరుగెత్తే కుక్కతో ఎజిలిటీ పోటీలకు: ఏ సంస్థ, ఏ తరగతి, ఏ ఎత్తు?

ఎజిలిటీ అంటే యజమాని సూచనలతో కుక్క అడ్డంకుల వరుసను నిర్ణీత సమయంలో దాటే ఆట. ఈ శిక్షణకు వచ్చే కుక్కలన్నీ గాలిలా పరుగెత్తే బోర్డర్ కోలీలు కావు. బరువైన లాబ్రడార్లు, పొట్టి కాళ్ల బాసెట్ హౌండ్లు, ఎనిమిదేళ్లు దాటిన గోల్డెన్ రిట్రీవర్లు, షెల్టర్ నుంచి తెచ్చుకున్న బెదురు కుక్కలు కూడా వస్తాయి. దూకడం, టన్నెల్‌లో దూరడం, వీవ్ పోల్స్ మధ్య అల్లుకుంటూ పోవడం ఇవి కూడా చక్కగానే నేర్చుకుంటాయి. తరగతిలో అంతా బాగానే సాగుతుంది, కానీ పోటీకి పేరు ఇచ్చే వేళకు యజమానికి ఒక సందేహం పట్టుకుంటుంది: తప్పు చేయకపోయినా సమయం మించిపోతే ఈ పరుగు లెక్కలోకి వస్తుందా? అమెరికాలో ఉంటూ ఈ ఆటలోకి దిగుతున్న తెలుగువారి కోసం, ముఖ్యంగా మెల్లగా కదిలే కుక్క ఉన్నవారి కోసం, ఏ సంస్థ పోటీలు ఎవరికి సరిపోతాయో నా అనుభవాన్నీ నియమాలనూ కలిపి ఇక్కడ వివరిస్తున్నాను.

మా కుక్క పేరు రాగి. లాబ్రడార్ పోలికలున్న మిశ్రమ జాతి ఆడకుక్క, భుజం దగ్గర ఎత్తు 19 అంగుళాలు, బరువు 68 పౌండ్లు. 'దూకు', 'దూరు', 'ఎక్కు' అనే మాటలకే అలవాటు పడింది కనుక బరిలో కూడా నేను తెలుగులోనే పిలుస్తాను. దానితో ఆరేళ్లుగా పోటీలకు వెళుతున్నాను, మొదటి రెండేళ్లు తప్పు ఎంపికలతో గడిచిపోయాయి. ఆ రెండేళ్లు ఇంకొకరికి పోకూడదన్నదే ఈ వ్యాసం రాయడానికి కారణం.

ముందు సమయం లెక్క ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి. న్యాయనిర్ణేత కోర్సు, అంటే అడ్డంకుల వరుస, వేసిన తరువాత, కుక్క పోవలసిన దారి వెంట చక్రం దొర్లిస్తూ దాని పొడవును గజాల్లో కొలుస్తారు. ఆ పొడవును, ఆ స్థాయికీ ఆ ఎత్తుకూ నిర్ణయించిన వేగంతో భాగిస్తే వచ్చేదే ప్రామాణిక సమయం. అమెరికాలోని ప్రధాన సంస్థలన్నింటిలోనూ చాలా తరగతుల్లో కుక్క పోటీపడేది ఈ ప్రామాణిక సమయంతోనే తప్ప పక్క కుక్కతో కాదు. మొదటి స్థానం ఎవరికి వచ్చినా, నిర్ణయించిన ప్రమాణాన్ని అందుకున్న ప్రతి కుక్కా క్వాలిఫై అవుతుంది. అలా క్వాలిఫై అయిన పరుగునే వాడుకలో క్యూ అంటారు, ఆ క్యూలు కూడితే టైటిల్ వస్తుంది. బ్రిటన్‌లో కెనెల్ క్లబ్ పోటీల పద్ధతి వేరు. అక్కడ ఒకటి నుంచి ఏడు వరకు ఉన్న గ్రేడుల్లో పైకి వెళ్లేకొద్దీ గెలుపులే ముఖ్యమవుతాయి కనుక, లండన్‌లోనో లెస్టర్‌లోనో ఉన్నవారు ఈ వ్యాసంలోని సలహాను యథాతథంగా తీసుకోకూడదు. మెల్లగా నడిచే కుక్కకు అమెరికన్ పద్ధతి నిజంగా ఒక వరం.

గత పోటీల ఫలితాల పత్రం ఉంటే మీ కుక్క వేగాన్ని మీరే లెక్క కట్టవచ్చు. కోర్సు పొడవు 150 గజాలు, మీ కుక్క తీసుకున్న సమయం 62 సెకన్లు అనుకుందాం. భాగిస్తే సెకనుకు దాదాపు 2.4 గజాలు. ఇలా నాలుగైదు పరుగుల సగటు తీసి కాగితం మీద రాసి పెట్టుకోండి. 'మా కుక్క స్లో' అన్న మాటతో ఏ నిర్ణయమూ తీసుకోలేము, 2.4 అన్న అంకెతో తీసుకోవచ్చు. ఇంతవరకు పోటీకి వెళ్లనివారు శిక్షణ మైదానంలోనే పది, పన్నెండు అడ్డంకుల వరుస వేసి, కొలిచే టేపుతో దారి కొలిచి, ఫోన్‌లో తీసిన వీడియో చూసి సమయం లెక్కించుకోవచ్చు. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి: చక్రం దొర్లించిన దారికంటే మీ కుక్క తిరిగే దారి ఎప్పుడూ ఎక్కువే. మలుపుల్లో దూరంగా చుట్టి వచ్చే బరువైన కుక్క మామూలు పరుగులో వేగంగానే ఉన్నా కాగితం మీద మెల్లగా కనిపిస్తుంది.

ఆ అంకె వచ్చిన తరువాత, సమయం ఎక్కడ పోతున్నదో చూడాలి. రాగి వీడియోలను నేను మొదటిసారి ఇలా చూసినప్పుడు ఆశ్చర్యపోయాను. నేల మీద, టన్నెళ్లలో దాని వేగం సెకనుకు మూడున్నర గజాలకు తగ్గలేదు. డాగ్‌వాక్ మీద మాత్రం కథ మారిపోయేది. డాగ్‌వాక్ అంటే పన్నెండేసి అడుగుల పలకలు మూడు, అంటే మొత్తం పన్నెండు గజాలు. ఆ పన్నెండు గజాలకు రాగి తొమ్మిది సెకన్లు తీసుకునేది. ఎక్కే పలక మీద బాగానే వచ్చి, పైకి చేరగానే తల దించి, ఒక్కొక్క అడుగు వెతుక్కుంటూ, దిగే పలక మొదట్లో ఒకసారి ఆగి నా ముఖంలోకి చూసేది. నేను ప్రక్కనే నిలబడి, చేయి చూపిస్తూ 'మెల్లగా, మెల్లగా' అనేదాన్ని. పడిపోతుందేమోనన్న భయం నాది, ఆ భయాన్ని అది నేర్చుకుంది. ఒక్క డాగ్‌వాక్ మీదే ఐదు సెకన్లకు పైగా పోతుంటే, దూకే ఎత్తు తగ్గించినంత మాత్రాన ఏమి లాభం?

అందువల్ల సంస్థను ఎంచుకునే ముందు, నిదానం ఏ రకమైనదో తేల్చుకోమని చెబుతాను. నా దృష్టిలో ఇది నాలుగు రకాలు. శరీర నిర్మాణం వల్లనో వయసు వల్లనో వచ్చే నిదానం మొదటిది. ఆ కుక్క ఉత్సాహంగానే ఉంటుంది, తోక ఊపుతుంది, దాని పూర్తి వేగమే అంత. ఏమి చేయాలో అర్థం కాక వచ్చేది రెండవది. ఇది కోర్సులో కొన్నిచోట్ల మాత్రమే కనిపిస్తుంది, రాగి డాగ్‌వాక్ లాగా. మూడవది బెదురు. ఇంటి దగ్గర గాలిలా పరుగెత్తే కుక్క పోటీ మైదానంలో నేల వాసన చూస్తూ, చెవులు వెనక్కు పెట్టి, అడుగులో అడుగు వేస్తుంది. నాలుగవది నొప్పి. నిన్నటి దాకా బాగా దూకిన కుక్క ఈ మధ్య అడ్డంకికి చాలా ముందుగానే కాళ్లు లేపుతున్నా, ఏ-ఫ్రేమ్ (ఇంటి కప్పులా వాలుగా కలిపిన రెండు పలకలు) ఎక్కడానికి వెనకాడుతున్నా, వీవ్ పోల్స్ మధ్యలో వదిలేసి బయటికి వస్తున్నా, ముందు వెళ్లవలసింది పశువైద్యుడి దగ్గరికి, పోటీకి కాదు. బరువు ఎక్కువగా ఉన్న కుక్కది కూడా సగం ఈ కోవలోకే వస్తుంది. ప్రక్కటెముకలు చేతికి తేలిగ్గా తగలాలి. రాగి బరువు 76 పౌండ్ల నుంచి 68కి తగ్గిన తరువాత దాని సగటు వేగం దానంతట అదే పెరిగింది, నేను కొత్తగా నేర్పింది ఏమీ లేదు.

ఇక సంస్థల విషయానికి వద్దాం. ఎక్కువమందికి దగ్గరలో దొరికేవి అమెరికన్ కెనెల్ క్లబ్ పోటీలు, అంటే ఏకేసీవి. ఈ సంస్థ 1994లో ఎజిలిటీ మొదలుపెట్టింది. 2010 నుంచి మిశ్రమ జాతి కుక్కలకు కూడా కెనైన్ పార్ట్‌నర్స్ నమోదు ద్వారా ప్రవేశం కల్పించింది. నావిస్, ఓపెన్, ఎక్సలెంట్, మాస్టర్ అని నాలుగు స్థాయిలు ఉంటాయి. మొదటి మూడింటిలో వందకు 85 వస్తే క్యూ, మాస్టర్‌లో నూటికి నూరు రావాలి. నిదానంగా పరుగెత్తే కుక్క యజమాని అన్నిటికంటే శ్రద్ధగా చదవవలసిన నియమం సమయం మించినప్పుడు పోయే పాయింట్ల గురించినది. నావిస్‌లో మించిన ప్రతి సెకనుకు ఒక పాయింటు పోతుంది, ఓపెన్‌లో రెండు, ఎక్సలెంట్‌లో మూడు. మాస్టర్‌లో సమయం మించితే ఆ పరుగుకు క్యూ లేదు.

నేను మోసపోయింది ఇక్కడే. రాగి నావిస్ స్టాండర్డ్‌లో, అంటే డాగ్‌వాక్ వంటివి కూడా ఉండే తరగతిలో, ఏ తప్పూ చేయకుండా తొమ్మిది సెకన్లు ఆలస్యంగా ముగించింది. 91 పాయింట్లు, క్యూ వచ్చింది. అలాంటి క్యూలు మూడు కూడాయి, టైటిల్ వచ్చింది, ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. ఓపెన్‌కు వెళ్లాక అదే తొమ్మిది సెకన్లకు పద్దెనిమిది పాయింట్లు పోయి 82 దగ్గర ఆగిపోయాం. ఎక్సలెంట్ దాకా వెళ్లి ఉంటే ఇరవై ఏడు పోయేవి. నావిస్‌లో ఉన్న ఆ ఉదారత మంచిదే, కొత్తవారికి అవసరం కూడా. కానీ అది సమస్యను కప్పిపుచ్చుతుంది. నావిస్‌లో ఉండగానే ప్రతి పరుగులో ప్రామాణిక సమయానికి ఎంత దగ్గరగా వచ్చామో రాసుకుంటూ ఉండండి. ఐదు సెకన్లకంటే ఎక్కువ ఆలస్యంగా వస్తున్న కుక్కను ఓపెన్‌లోకి తొందరపడి తీసుకువెళ్లవద్దు.

ఏకేసీలో ఉన్న గొప్ప వెసులుబాటు ప్రిఫర్డ్ విభాగం. ఇందులో కుక్క తన మామూలు ఎత్తుకంటే ఒక మెట్టు తక్కువ ఎత్తు దూకుతుంది, ప్రామాణిక సమయానికి ఐదు సెకన్లు కలుపుతారు. భుజం దగ్గర 18 అంగుళాలు దాటి 22 లోపు ఉన్న కుక్క మామూలుగా 20 అంగుళాలు దూకాలి, ప్రిఫర్డ్‌లో అయితే 16. నాలుగు అంగుళాలు చిన్న తేడాలా వినిపిస్తుంది కానీ ఒక కోర్సులో పద్నాలుగు, పదిహేను సార్లు దూకే బరువైన కుక్కకు అది చిన్న తేడా కాదు. ప్రతిసారీ శరీరాన్ని కూడదీసుకుని లేవవలసిన కుక్క, ఎత్తు తగ్గగానే అడుగు ఆపకుండా పరుగులోనే దాటిపోతుంది. ప్రిఫర్డ్ అంటే ముసలి కుక్కల విభాగమని కొందరు చిన్నచూపు చూస్తారు. ఆ మాట పట్టించుకోకండి. మూడేళ్ల ఆరోగ్యవంతమైన కుక్కను కూడా మొదటి రోజు నుంచే ప్రిఫర్డ్‌లో నమోదు చేయడంలో తప్పేమీ లేదు, దీర్ఘకాలంలో దాని కీళ్లకు మేలు కూడా.

లక్ష్యాన్ని ఎలా పెట్టుకోవాలన్నది ఇంకొక ముఖ్యమైన ఎంపిక. అందరూ పేరు చెప్పుకునే మ్యాచ్ (మాస్టర్ ఎజిలిటీ ఛాంపియన్) టైటిల్‌కు ఇరవై డబుల్ క్యూలు, అంటే ఒకే రోజు మాస్టర్ స్టాండర్డ్‌లోనూ, డాగ్‌వాక్ వంటివి లేని మాస్టర్ జంపర్స్‌లోనూ క్వాలిఫై కావడం ఇరవై సార్లు జరగాలి. దానితో పాటు 750 వేగపు పాయింట్లు కూడా కావాలి. ప్రామాణిక సమయం కంటే ముందుగా ముగించిన ప్రతి పూర్తి సెకనుకు ఒక పాయింటు. ఒక్కొక్క పరుగులో రెండు సెకన్లు మిగిల్చే కుక్కకు, స్థానాలేవీ రాకపోతే, రెండు పరుగులకు కలిపి రోజుకు నాలుగు పాయింట్లు. ఆ లెక్కన 750 చేరడానికి రెండు పరుగులూ మచ్చ లేకుండా సాగిన రోజులు 188 కావాలి. ఆ దారి మన కుక్కది కాదని మొదటే ఒప్పుకుంటే మనసుకు ఎంతో హాయి. ప్రిఫర్డ్ విభాగంలో పాక్స్ అనే టైటిల్ ఉంది. దానికి ఇరవై డబుల్ క్యూలు చాలు, వేగపు పాయింట్లు అక్కరలేదు. సమయానికి అర సెకను ముందు వచ్చినా, పది సెకన్లు ముందు వచ్చినా సమానమే. రెగ్యులర్ విభాగంలోనే ఉండదలచినవారికి మాస్టర్ స్టాండర్డ్ టైటిల్ పది క్యూలతో వస్తుంది, ఆ తరువాత 25, 50, 75, 100 క్యూల వద్ద కాంస్యం, రజతం, స్వర్ణం, సెంచురీ అని వరుసగా మెట్లు ఉన్నాయి. నమ్మకంగా, తప్పు లేకుండా పరుగెత్తే నిదానపు కుక్కకు ఈ మెట్లు చక్కగా కుదురుతాయి.

ఏకేసీలోనే ఉన్న మిగతా తరగతుల్లో టైమ్ టు బీట్ మన కుక్కకు పనికిరాదు. ఆ రోజు ఆ ఎత్తులో అందరికంటే వేగంగా వచ్చిన కుక్కతో పోల్చి అందులో పాయింట్లు ఇస్తారు. ఫాస్ట్ తరగతి పేరు చూసి భయపడనక్కరలేదు, అందులో ఎవరికి వారు దారి ఎంచుకుని పాయింట్లు ఏరుకుంటారు. అయితే యజమాని దూరం నుంచి కుక్కను పంపవలసిన భాగం ఒకటి ఉంటుంది. ఎప్పుడూ కాలి ప్రక్కనే ఉండే కుక్కకు అది కష్టం, దూరపు పని నేర్పిన తరువాత చూసుకోవచ్చు.

ఇప్పుడు నేను మనసారా సిఫారసు చేసే సంస్థ గురించి చెబుతాను. కెనైన్ పెర్ఫార్మెన్స్ ఈవెంట్స్, వాడుకలో సీపీఈ, 1998లో మొదలైంది. ఇక్కడి ప్రామాణిక సమయాలు ఏకేసీకంటే ఉదారంగా ఉంటాయి. మొదటి స్థాయిలో వీవ్ పోల్స్, ఊగుడు బల్ల ఉండవు. ఎత్తు నాలుగు అంగుళాలు తగ్గించుకునే ఎంథూసియాస్ట్ విభాగం, ఇంకా తక్కువ ఎత్తులకు స్పెషలిస్ట్ విభాగం, వయసు పైబడిన వాటికి వెటరన్స్ విభాగం ఉన్నాయి. నాకు అన్నిటికంటే విలువైనవిగా తోచేవి ఇందులోని ఆటలు. స్టాండర్డ్, జంపర్స్‌తో పాటు కలర్స్, వైల్డ్‌కార్డ్, స్నూకర్, జాక్‌పాట్, ఫుల్‌హౌస్ అనే తరగతులు ఉంటాయి. కలర్స్‌లో ఒకే బరిలో రెండు రంగుల దారులు వేసి ఏది కావాలో మనల్నే ఎంచుకోమంటారు. కోర్సు చిన్నది, మలుపులు తక్కువగా ఉన్న దారి తీసుకుంటే బరువైన కుక్కకు సమయం కలిసి వస్తుంది.

ఫుల్‌హౌస్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రాగిని మళ్లీ నవ్వు ముఖంతో పరుగెత్తించింది అదే. ఇందులో వరుస సంఖ్యలు ఉండవు. మామూలు దూకుళ్లకు ఒక్కో పాయింటు, టన్నెల్, టైరు వంటి గుండ్రని వాటికి మూడు, కాంటాక్ట్‌లు (ఏ-ఫ్రేమ్, డాగ్‌వాక్ వంటి ఎక్కి దిగే అడ్డంకులు), వీవ్ పోల్స్ వంటి 'జోకర్ల'కు ఐదు. మూడు దూకుళ్లు, రెండు గుండ్రనివి, ఒక జోకర్ తప్పనిసరి. అవి కూడితే మూడు, ఆరు, ఐదు కలిపి పద్నాలుగు. మొదటి స్థాయిలో కావలసింది 19, కాబట్టి ఇంకొక జోకర్ తీసుకుంటే సరిపోతుంది. పెద్ద ఎత్తులు దూకే కుక్కలకు 30 సెకన్లు, చిన్న ఎత్తులవాటికీ వెటరన్స్ వంటి విభాగాలవాటికీ 35 సెకన్లు ఇస్తారు. ఈల వినగానే టేబుల్ ఎక్కితే గడియారం ఆగుతుంది, దానికి ఐదు సెకన్ల వెసులుబాటు ఉంటుంది. ఇక్కడ మెల్లగా రావడానికి శిక్ష లేదు, ఉన్న సమయంలో ఎంత ఏరుకున్నామన్నదే లెక్క. నేను బరి చూసుకునేటప్పుడు ముందు టేబుల్ ఎక్కడుందో చూస్తాను. అక్కడికి తిరిగి వచ్చే దారిలోనే చివరి పాయింట్ల పని ఉండేలా దారి వేసుకుంటాను. మొదట ఏ-ఫ్రేమ్, ఆ వెంటనే టన్నెల్ రెండువైపుల నుంచి, తరువాత మూడు దూకుళ్లు, మళ్లీ ఏ-ఫ్రేమ్. రాగికి ఇష్టమైనవే కదా అన్నీ. ఏ-ఫ్రేమ్ దిగి టన్నెల్ వైపు 'దూరు' అనగానే, రెండు చెవులూ వెనక్కు ఎగురుతూ లోపలికి దూసుకుపోయి, అవతల నుంచి బయటికి వచ్చేసరికి నన్ను వెతుకుతూ మొరిగింది. డాగ్‌వాక్ మీద ఆగి నా ముఖం చూసిన కుక్క అదేనా అనిపించింది.

అయితే సీపీఈకి కూడా హద్దులు ఉన్నాయి. అన్ని రాష్ట్రాల్లోనూ పోటీలు సమానంగా దొరకవు, కొన్నిచోట్ల నాలుగు గంటలు కారు నడపవలసి వస్తుంది. స్నూకర్ నియమాలు అర్థం కావడానికి ఒకటి రెండు సార్లు పడుతుంది. పైస్థాయిలకు వెళ్లేకొద్దీ తప్పులకు చోటు తగ్గుతుంది. ఉదారమైన సమయం ఉంది కదా అని డాగ్‌వాక్ మీది భయాన్ని వదిలేస్తే, రెండేళ్ల తరువాత అదే భయం అక్కడే ఎదురవుతుంది.

నార్త్ అమెరికన్ డాగ్ ఎజిలిటీ కౌన్సిల్, అంటే నాడాక్, పోటీలు 1993 నుంచి ఉన్నాయి. ఇక్కడ ఊగుడు బల్ల లేదు, టేబుల్ లేదు. దారులు విశాలంగా, ప్రవాహంలా సాగుతాయి. పూర్తిగా టన్నెళ్లతోనే సాగే తరగతి, హూప్‌లతోనే (కుక్క లోంచి పరుగెత్తి పోయే వలయాలతోనే) సాగే తరగతి ఉండటం వల్ల దూకడం కష్టమైన కుక్కకు మంచి అవకాశం దొరుకుతుంది. కానీ ఆ విశాలమైన దారుల్లో పెద్ద అంగలతో సాగే కుక్కను దృష్టిలో పెట్టుకునే సమయం ఇస్తారు, దాన్ని అందుకోవడం పై స్థాయిలో నిదానపు కుక్కకు సులువు కాదు. మలుపుల్లో తడబడుతూ, తిన్నగా మాత్రం బాగా పరుగెత్తే పెద్ద కుక్కకు నాడాక్ నప్పుతుంది. అడుగులే చిన్నవైన బాసెట్‌కు నేను చెప్పను.

యూఎస్‌డీఏఏ, అంటే యునైటెడ్ స్టేట్స్ డాగ్ ఎజిలిటీ అసోసియేషన్, 1986లో పుట్టిన పాత సంస్థ. అక్కడి కోర్సులు సాంకేతికంగా కష్టమైనవి, వాతావరణం వేగానిది. వేగానికే పెద్దపీట వేసే స్టీపుల్‌చేజ్ తరగతిలో అర్హత సమయాన్ని ఆ రోజు వేగంగా వచ్చిన కుక్కల సమయాన్ని బట్టి నిర్ణయిస్తారు. తక్కువ ఎత్తుల పెర్ఫార్మెన్స్ విభాగం ఉన్నా, నిదానపు కుక్కతో మొదటి పోటీకి ఇది సరైన చోటు కాదని నా అభిప్రాయం. పగ్‌లు, డాక్స్‌హుండ్‌ల వంటి చిన్న కుక్కలున్నవారు టీకప్ పోటీల వైపు చూడవచ్చు. చిన్న కుక్కల కోసమే ప్రత్యేకంగా ఏర్పడిన ఆ పోటీల్లో అడ్డంకులను దగ్గరదగ్గరగా అమర్చుతారు.

బెదిరే కుక్క ఉన్నవారికి ఈ పోలికంతా రెండో మాటే. వారికి సమయం సమస్య కాదు, స్థలం సమస్య. గడియారం ఎంత ఉదారమైనదైనా, నేల వాసన చూస్తూ నిలబడిన కుక్కకు అది చాలదు. వారికి పనికివచ్చేది క్యూ ఆశించకుండా బరిలోకి దిగే పరుగు. ఏకేసీలో దీన్ని 'ఫర్ ఎగ్జిబిషన్ ఓన్లీ' పరుగు అంటారు, వాడుకలో ఎఫ్ఈఓ. ఇందులో బొమ్మను వెంట తీసుకువెళ్లవచ్చు, తినుబండారాలకు మాత్రం అనుమతి లేదు. యూకేఐ అనే మరో సంస్థ పోటీల్లో కూడా ఇలాగే బొమ్మతో శిక్షణ పరుగు తీసుకునే వీలుంది. నాలుగు అడ్డంకులు దాటి, ఐదోదాని దగ్గర బొమ్మ లాగులాట ఆడి, కుక్క ఇంకా కావాలని గెంతుతుండగానే బయటికి వచ్చేయాలి. ఆ రోజు చెల్లించిన రుసుము వృథా అయిందని అనిపిస్తుంది, కానీ నేను చూసినంతలో బెదురు కుక్కలకు అంతకంటే మంచి పెట్టుబడి లేదు. ఏకేసీ వారి ఏసీటీ (ఎజిలిటీ కోర్స్ టెస్ట్) పరీక్షలు కూడా కొత్త కుక్కల కోసమే పెట్టినవి, పెద్ద పోటీల సందడి లేకుండా క్లబ్‌లలో వాటిని నిర్వహించే వీలుంది.

సంస్థ ఏదైనా, ఏ పోటీకి వెళ్లాలన్నది మళ్లీ ఒక ఎంపికే. ప్రీమియం, అంటే ఆ పోటీ వివరాలతో క్లబ్ విడుదల చేసే పత్రం, వచ్చినప్పుడు నేను మూడు సంగతులు చూస్తాను. నేల ఏమిటన్నది మొదటిది. మెత్తని మట్టి ఉన్న గుర్రాల బరిలో బరువైన కుక్క కాళ్లు దిగబడి వేగం తగ్గుతుంది, పైగా గుర్రాల వాసన ఒకటి. పట్టున్న కృత్రిమ గడ్డి మీద రాగి ఒక కోర్సుకు రెండు మూడు సెకన్లు తక్కువ తీసుకుంటుంది. ఎండ రెండవది. టెక్సాస్ వంటి చోట్ల మే నుంచి సెప్టెంబరు దాకా ఆరుబయట పోటీకి బరువైన కుక్కను నేను తీసుకువెళ్లను, ఏసీ ఉన్న హాలు అయితేనే వెళతాను. మూడవది పరుగుల వరుస. పొట్టి కుక్కల నుంచి మొదలుపెడతారా, పొడవు కుక్కల నుంచా అన్నదాన్ని బట్టి మన వంతు ఉదయం ఎనిమిదికో, మధ్యాహ్నం మూడుకో వస్తుంది. రోజుకు రెండు పరుగులు చాలు. మూడో పరుగుకు డబ్బు కట్టిన ప్రతిసారీ రాగి ఆ మూడో పరుగులో అలసిపోయి నడిచింది.

బరిలో యజమాని ఎలా ఉండాలన్నది ఎంపిక సలహాలోకి రాదేమో కానీ, ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. కుక్క మెల్లగా వస్తున్నదని మనం ఆగితే అది ఇంకా మెల్లగా వస్తుంది. ప్రక్కన నిలబడి 'రా, రా' అని బతిమాలడం మాని, ముందుకు కదిలిపోతే చాలా కుక్కలు వెంటపడతాయి. రాగి డాగ్‌వాక్ మీద తొమ్మిది సెకన్ల నుంచి ఐదుకు రావడానికి నేను చేసింది ఇంతే: పలకను నేల మీద పెట్టి ఆరు వారాల పాటు బొమ్మతో పరుగెత్తించడం, పోటీలో దాని ప్రక్కన ఆగకుండా తరువాతి అడ్డంకి వైపు వెళ్లిపోవడం. ఆ నాలుగు సెకన్లు ఏ సంస్థా ఇచ్చిన వెసులుబాటు కాదు, కానీ ప్రిఫర్డ్ ఇచ్చే ఐదు సెకన్లతో కలిస్తే మేము ఓపెన్ దాటి ఎక్సలెంట్‌కు చేరాం.

ఇప్పుడు తేల్చి చెప్పవలసి వస్తే, ఉత్సాహం ఉండి శరీరం సహకరించని కుక్కకు మొదటి ఏడాది సీపీఈ, ఆ తరువాత ఏకేసీ ప్రిఫర్డ్, లక్ష్యంగా పాక్స్. ఒకటి రెండు అడ్డంకుల దగ్గర మాత్రమే తడబడే కుక్కకు ఆ అడ్డంకులు లేకుండా పరుగెత్తగల తరగతులు, అంటే జంపర్స్ విత్ వీవ్స్, ఫుల్‌హౌస్, టన్నెళ్ల తరగతులు. ఈలోగా ఆ అడ్డంకిని ఇంటి దగ్గర నేర్పుకోవాలి. బెదిరే కుక్కకు ఆరు నెలల పాటు ఎఫ్ఈఓ తప్ప మరేమీ వద్దు. ఎజిలిటీలో ఎంత చేసినా ఆనందించని కుక్క ఉంటే, ఏకేసీ ర్యాలీ వైపు చూడండి. అందులో కుక్క యజమానితో కలిసి నడుస్తూ, దారిలోని బోర్డుల మీద రాసిన పనులు చేస్తుంది. అక్కడ కూడా గడియారం ఉంటుంది కానీ, పాయింట్లు సమానమైనప్పుడు ఎవరు ముందో తేల్చడానికే దాన్ని వాడతారు.

మొదటి పోటీకి ఫారం నింపేటప్పుడు నేనైతే శనివారం ఒక ఫుల్‌హౌస్, ఒక కలర్స్, ఆదివారం ఒక జంపర్స్ మాత్రమే గుర్తు పెడతాను. స్టాండర్డ్ గడి ఖాళీగా వదిలేస్తాను. గడువు తేదీ దాటకముందే పంపండి, చిన్న క్లబ్బుల పోటీలు తొందరగా నిండిపోతాయి. కుక్క ఎత్తు కొలిచేటప్పుడు గట్టి నేల మీద, తల మామూలుగా పెట్టి నిలబడినప్పుడు భుజపు ఎముక పైభాగం దగ్గర కొలవండి. రాగిని మొదటిసారి మెత్తని తివాచీ మీద కొలిచి తప్పు ఎత్తు రాశాను, పోటీ రోజు ఉదయం బల్ల దగ్గర దాన్ని సరిచేయించుకోవడానికి అరగంట పట్టింది, ఆ అరగంటలో మా మొదటి పరుగుకు ముందు చేయవలసిన వార్మప్ పోయింది.